పాథేయం: యాత్రికుని మూట

(కార్తిక మాసంలో దిల్‌సుఖ్‌నగర్ నుండి యాదగిరిగుట్టకు పాదయాత్రగా బయలుదేరనున్న భక్తులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఎల్లుండి బ్రాహ్మీ ముహూర్తంలో మీరందరూ ఈ మండపం నుండి బయలుదేరి కొత్తపేట, నాగోలు, ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి మీదుగా యాదగిరి నృసింహుని సన్నిధికి నడిచి వెళ్ళబోతున్నారు. సుమారు 60 కిలోమీటర్ల దారి. స్వామివారి మహిమను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. స్వామి మహిమను మీరు దారి పొడవునా కీర్తించుకుంటూనే వెళ్తారు. అందుచేత వారి అనుమతితో ఈ సాయంత్రం మరొక విషయం మనవి చేస్తాను. అది మీ భుజాన ఉండబోయే మూటను గురించి.

"పండితులవారు మూటల గురించి చెప్పడమేమిటి?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నాకు 76 ఏళ్ళు. ఈ జీవితంలో మూట విషయంలో రెండుసార్లు తప్పు చేశాను. ఒకసారి ఎక్కువ మోసి, మరొకసారి తక్కువ మోసి. ఆ రెండూ చెప్పి, వాటివల్ల నేర్చుకున్నది మీ ముందుంచుతాను.

సంక్రాంతికి రెండు రోజుల ముందు మన ఎల్బీ నగర్ కూడలిలో నిలబడి చూడండి. విజయవాడ వైపు వెళ్ళే బస్సుల కోసం వందలాది మంది ఎదురుచూస్తుంటారు. ఒక చేతిలో పెట్టె, మరొక చేతిలో సంచి, చంకలో బిడ్డ, భుజాన ఇంకొక సంచి. బస్సు వచ్చి ఆగేసరికి ఏది ముందు ఎక్కించాలో తెలియక, బిడ్డను ఎవరికో అందించి పెట్టెను పట్టుకునేవారిని నేను చూశాను. అయినా అక్కడ ఒక సౌకర్యం ఉంది. ఎక్కిన తరువాత ఆ బరువంతా బస్సు మోస్తుంది. ఎల్లుండి మనకు ఆ బస్సు లేదు. 60 కిలోమీటర్లంటే దాదాపు 80 వేల అడుగులు. మీ సంచిలో అనవసరంగా పెట్టిన ఒక్కొక్క వస్తువును 80 వేల సార్లు ఎత్తి దించుతున్నారన్న మాట.

మా గురువుగారు వ్యాకరణం చెప్పేటప్పుడు ఒకనాడు పాథేయం అనే పదం వచ్చింది. దారిబత్తెం అని మనం తెలుగులో అంటాము. పథి అంటే మార్గం. మార్గానికి ఏది సాధువో, అంటే ఏది తగినదో, ఏది పనికివస్తుందో అది పాథేయం. ఈ పదాన్ని సాధించే సూత్రంలో పాణిని మహర్షి మార్గంతో పాటు మరి మూడు పదాలను చేర్చాడు. అతిథి, వసతి, స్వపతి. మార్గానికి తగినది పాథేయం, అతిథికి తగినది ఆతిథేయం, నివాసానికి తగినది వాసతేయం, యజమానికి చెందినది స్వాపతేయం, అంటే ధనం. నాలుగింటికీ ఒకే ప్రత్యయం. అప్పుడు నా వయస్సు పదిహేను. రూపసిద్ధి కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి, అంతటితో తృప్తిపడ్డాను. దారిబత్తెమూ అతిథిమర్యాదా ఒకే ఇంటి బిడ్డలన్న సంగతి నా తలకు ఎక్కడానికి మరి ఇరవై ఏళ్ళు పట్టింది.

1984లో రక్తాక్షి నామ సంవత్సర ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్ళాలని మేము అయిదుగురం సంకల్పించాము. అందరమూ ఉపాధ్యాయులమే. ఆత్మకూరు దాకా బస్సులో వెళ్ళి, వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న సన్నిధికి చేరే పురాతన మార్గమది. ఉగాదికి కన్నడ దేశం నుండి వేలాది భక్తులు నేటికీ ఆ దారినే నడిచి వస్తారు. మల్లన్నను వారు అల్లుడిగా, భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావిస్తారు.

ఆనాటి నా సంచిని ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది. మూడు పంచెలు, రెండు దుప్పట్లు, ఇత్తడి చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణి, కిరోసిన్ పొయ్యి, బియ్యం, పప్పు, పారాయణకు మూడు లావుపాటి గ్రంథాలు. మడి తప్పకూడదు, పారాయణ ఆగకూడదు, పరుల వంట ముట్టకూడదు అని నా పట్టుదల. ఆచారం కోసమే మోస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. బయలుదేరే ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి కిరాణా దుకాణంవారు సరదాగా తూచి చూస్తే 17 కిలోలు తూగింది. ఆ మాట విని నేను గర్వపడ్డాను కూడా.

మాతో వచ్చినవారిలో ఒక తెలుగు పండితులు ఉన్నారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అన్నం పెట్టి, ఇల్లు వెతికి పెట్టినవారు. రెండవ రోజు మధ్యాహ్నం భీముని కొలను దగ్గర మెట్లు దిగుతుండగా ఆయన పాదం మడతపడింది. ఆ లోయలోకి దిగేటప్పుడూ, మళ్ళీ ఎక్కేటప్పుడూ రాతిమెట్లు ఎంత నిటారుగా ఉంటాయో నడిచినవారికి తెలుసు. ఆయన ఒక రాతి మీద కూర్చుండిపోయారు. చీలమండ వాచింది. కొంతసేపటికి లేచి, కర్ర ఊతంగా నడవగలనన్నారు. కాని మూట మోయలేరు. ఆయన మూట చిన్నదే. మూడు నాలుగు కిలోలకు మించదు.

ముందు నడిచిన ముగ్గురూ మలుపు దాటిపోయారు. ఆయన పక్కన ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. "అయ్యా, ఆ మూట ఇటు ఇవ్వండి" అనవలసిన మాట నా నోట రాలేదు. భుజాలు ఒరిసిపోయి, మోకాళ్ళు వణుకుతూ, నా బరువే నేను మోయలేని స్థితిలో ఉన్నాను. ఆయన నా ముఖం చూశారు. ఏమీ అడగలేదు. తన మూటను తానే ఎత్తుకోబోయారు.

అప్పుడు వెనుక నుండి కన్నడ భక్తబృందం ఒకటి వచ్చింది. అందులో ఒక తల్లి, యాభై ఏళ్ళు దాటి ఉంటాయి, నెత్తిన చిన్న గుడ్డమూట, చేతిలో కర్ర. ఆవిడ ఆగి, పరిస్థితి చూసి, మాకు అర్థమయ్యీ కాని నాలుగు మాటలు చెప్పి, ఆయన మూట తీసుకుని తన మూట మీద పెట్టుకుంది. కైలాసద్వారం దాకా మోసింది. అక్కడ దించి, ఆయనకు నమస్కరించి, తన వారితో కలిసిపోయింది. ఆవిడ పేరు కూడా మేము అడగలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సంచిలో మూడు గ్రంథాలున్నాయి. అతిథిని దేవుడిగా చూడమని ఆ మూడూ చెబుతాయి. వాటి బరువు వల్లనే నేను నా పెద్దలకు సేవ చేయలేకపోయాను. ఆవిడ మూటలో ఒక్క పుస్తకం లేదు. ఆవిడకు ఒక చేయి ఖాళీగా ఉంది. అదీ తేడా. పాథేయానికీ ఆతిథేయానికీ మహర్షి ఒకే ప్రత్యయం ఎందుకు చెప్పాడో, వ్యాకరణ రీత్యా సమాధానం వేరే ఉన్నా, నాకు మాత్రం ఆ రాత్రి అర్థమైంది. మనం మూటను తేలిక చేసుకునేది కేవలం మన సుఖం కోసం కాదు. దారిలో ఇంకొకరి మూట అందుకోవడానికి మన భుజాన చోటు ఉండాలి.

ఇక రెండవ తప్పు. శ్రీశైలం తరువాత నేను ఎటు వెళ్ళినా వస్తువులు తగ్గిస్తూ వచ్చాను. తగ్గించడం మంచిదే. కాని కొన్నాళ్ళకు అది కూడా ఒక గర్వమై కూర్చుంది. "నాకు ఏమీ అక్కరలేదు" అని నలుగురిలో చెప్పుకోవడం అలవాటైంది. అరవై ఏళ్ళు దాటిన తరువాత ఒకసారి తిరుమలకు అలిపిరి దారిన నడక మొదలుపెట్టాను. 3,550 మెట్లు. కింద దేవస్థానంవారి కౌంటరులో సామాను అప్పగిస్తే వారే ఉచితంగా కొండపైకి చేరుస్తారు. నేను ఉత్తరీయం ఒక్కటి భుజాన వేసుకుని, తక్కినదంతా అక్కడే ఇచ్చేశాను. మధుమేహానికి వేసుకునే మాత్రలు పొద్దుటే మింగాను కాని, ఏమీ తినలేదు. బెల్లం ముక్క, గుప్పెడు అటుకులు కూడా దగ్గర లేవు.

గాలిగోపురం దాటిన కాసేపటికి కళ్ళు తిరిగి, చెమటలు పట్టి కూలబడ్డాను. చిన్న బిడ్డను ఎత్తుకుని ఎక్కుతున్న ఒక యువదంపతులు పరుగున వచ్చి, బిడ్డ కోసం తెచ్చుకున్న చక్కెర నీళ్ళు నా చేత తాగించారు. గంటసేపు నా పక్కనే కూర్చున్నారు. బిడ్డ ఏడుస్తోంది. వారి దర్శన సమయం మించిపోతోంది. శ్రీశైలం దారిలో నా మూట బరువై ఇతరులకు పనికిరాకపోయాను. తిరుమల దారిలో నేనే ఇతరులకు మూటనయ్యాను. అవసరమైనదాన్ని వదిలివేయడం వైరాగ్యం కాదు. దాన్ని ఎదుటివారి నెత్తిన పెట్టడమే.

మరి హద్దు ఎక్కడ? ఈ కార్తిక మార్గశిరాలలో మన దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో నల్లబట్టలతో కనిపించే అయ్యప్ప స్వాముల ఇరుముడిని చూడండి. దానికి రెండు అరలు. ముందు అరలో స్వామికి సమర్పించేవి, నేతితో నింపిన కొబ్బరికాయ మొదలైనవి. వెనుక అరలో తనకు దారిలో కావలసిన తిండి పదార్థాలు. గురుస్వామి సమక్షంలో అందరూ చూస్తుండగా కడతారు. తలమీద ఎంత నిలుస్తుందో అంతే దాని పరిమాణం. మన మూట ఇరుముడి కాకపోయినా, ఆ విభజన మనకు మార్గదర్శకం. స్వామికి ఏది, నాకు ఏది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే, ఈ రెండింటికీ చెందని వస్తువులు ఎన్ని ఉన్నాయో బయటపడుతుంది.

రేపు ఉదయం ప్రతివారూ ఇంట్లో చాప పరచి, తీసుకువెళ్ళదలచిన వస్తువులన్నీ దాని మీద పెట్టండి. వాటిని మూడు కుప్పలు చేయండి. నిత్యం వాడేవి ఒక కుప్ప. ఆపద వస్తే తప్పనిసరిగా కావలసినవి రెండవ కుప్ప. "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్నవి మూడవ కుప్ప. ఆ మూడవ కుప్పలో ఉండేవి వస్తువులు కావు, మన భయాలు. దాన్ని ఇంట్లోనే వదిలిరండి.

మొదటి కుప్ప. ఒంటిమీద ఒక జత, సంచిలో ఒక జత బట్టలు చాలు. ముతక నూలు పంచె, దళసరి చీర తడిస్తే బరువెక్కుతాయి, త్వరగా ఆరవు. పలుచనివి తెచ్చుకోండి. పలుచని తువ్వాలు ఒకటి ఉంటే అది ఒళ్ళు తుడుచుకోవడానికి, ఎండకు తలకు చుట్టుకోవడానికి, చలికి మెడకు కట్టుకోవడానికి, కూర్చోవడానికి, మూట కట్టుకోవడానికి పనికివస్తుంది. మన పెద్దలు భుజాన కండువా వేసుకున్నది అలంకారం కోసం మాత్రమే కాదు. రాత్రి బీబీనగర్ బసలో చలి ఉంటుంది కనుక ఒక పలుచని దుప్పటి ఉండాలి. చెప్పులు, బూట్లు ఏవైనా సరే, పాతవి, కాలికి అలవాటైనవి వేసుకోండి. యాత్ర కోసమని కొత్తవి కొనకండి.

ఆహారం. మొదటి పూటకు పులిహోర. చింతపండు, నూనె, పసుపు ఉన్నందున అది సాయంత్రం దాకా నిలుస్తుంది. దద్ధ్యోదనం ఎండకు పులిసిపోతుంది. ఆపైన గుప్పెడు అటుకులు, బెల్లం, లేదా సత్తుపిండి, మలీద ముద్దలు. తేలికగా ఉండి శక్తినిచ్చేవి ఇవి. నీరు లీటరుకు కిలో బరువు. వరంగల్ రహదారిలో ఊరూరా నీరు దొరుకుతుంది. ఒక లీటరు సీసా చాలు, దొరికిన చోటల్లా నింపుకోండి. నల్లమల వంటి అడవిలో అయితే ఈ లెక్క పనికిరాదు. అక్కడ నీరే ముందు, తక్కినవన్నీ తరువాత.

దారి తెలిసినకొద్దీ మూట తగ్గుతుంది. 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ దారి ఎలాంటిదో, అంగళ్ళు ఉన్నాయో లేవో, నీటి వసతి ఎలా ఉందో శ్రద్ధగా వ్రాసిపెట్టారు. ఆయన వెంట డేరాలు, బోయీలు, పెద్ద పరివారం ఉన్నాయి. అయినా వెనుక వచ్చేవారు తెలియక కష్టపడకూడదని ఆ శ్రమ తీసుకున్నారు. మన నిర్వాహకులు కూడా బసలు, భోజనశాలలు, వైద్య సహాయం ఉండే చోట్లు ఒక కాగితం మీద వేసి ఇచ్చారు. ఆ కాగితం మీ సంచిలో రెండు కిలోలు తగ్గిస్తుంది. చదవండి.

పూజాద్రవ్యాలు, గ్రంథాలు. వెండి విగ్రహాలు, హారతి పళ్ళాలు ఇంట్లోనే ఉంచండి. మీరు వెళ్ళేది స్వామి దగ్గరికే. పారాయణ చేయదలచిన స్తోత్రం ఒక్కటి కాగితం మీద వ్రాసుకోండి. అంతకంటే మంచిది కంఠస్థం చేయడం. నోటికి వచ్చినదానికి బరువు లేదు, తడవదు, ఎవరూ ఎత్తుకుపోరు. మూడు గ్రంథాలు మోసినవాడిగా చెబుతున్నాను.

రెండవ కుప్పను మాత్రం ఎవరూ తగ్గించవద్దు. రోజూ వేసుకునే మందులు, దారిలో పట్టే రోజులకంటే ఒక రోజు ఎక్కువకు సరిపడా. మధుమేహం ఉన్నవారికి చేతికి అందేలా బెల్లమో చక్కెరో. కాలి బొబ్బలకు కట్టుగుడ్డ. చిన్న టార్చిలైటు. తెల్లవారుజామున రహదారి మీద నడిచేవారికి నిర్వాహకులు ఇచ్చే మెరిసే పట్టీ. పేరు, రక్తవర్గం, వాడే మందులు, ఇంటి ఫోను నంబరు వ్రాసిన కాగితం. ఇవన్నీ కలిపినా అరకిలో ఉండవు.

మొత్తం మీద మీ శరీరభారంలో పదవ వంతు దాటకుండా చూసుకోండి. పెద్దలకు అందులో సగం చాలు. రేపు సాయంత్రం ఆ సంచి భుజాన వేసుకుని సరూర్‌నగర్ చెరువు కట్ట దాకా నడిచి రండి. ఏది అక్కరలేదో మీ భుజమే చెబుతుంది. బరువైనవి వీపుకు ఆనేటట్లు పెట్టి, సంచిని వదులుగా వేలాడకుండా బిగించుకోండి.

ఎల్బీ నగర్ నుండి కొందరు యువకులు సైకిళ్ళ మీద వస్తున్నారని విన్నాను. నాయనా, మీరు వీపున సంచి పెట్టుకోకండి. క్యారియర్‌కు రెండు పక్కలా కిందుగా, సమంగా కట్టండి. ఒక ట్యూబు, పంపు, పంక్చరు సామాను తప్పక ఉండాలి. అవి అందరికీ ఒక్కొక్కటి అక్కరలేదు, బృందానికి రెండు చాలు. నడిచేవారికంటే మీరు ముందు చేరుతారు. చేరినవారు వెనుకకు వచ్చి, అలసినవారి సంచి ఒకటి మీ క్యారియర్ మీదికి తీసుకుంటే, ఆ పుణ్యం మీ వేగానికి అర్థం కల్పిస్తుంది.

ఇక్కడ కూర్చున్న దాతలకు కూడా ఒక విన్నపం. మీరు దారిలో పోసే మజ్జిగ, పెట్టే ప్రసాదం ప్రతి యాత్రికుని మూటలో ఒక కిలో తగ్గిస్తాయి. మీరు కనిపించకుండా వారి బరువు మోస్తున్నారు. అయితే ఒక యాత్రలో ఒక మహాదాత మొదటి రోజే అందరికీ స్టీలు డబ్బాలు పంచారు. ఆయన భక్తికి నమస్కారం. ఆ డబ్బాలను మిగిలిన దారంతా భక్తులు మోశారు. దయచేసి దారిలో కడుపులోకి వెళ్ళేవి ఇవ్వండి, చేతిలో మిగిలేవి తిరుగు ప్రయాణంలో ఇవ్వండి. ప్లాస్టిక్ పొట్లాలు, గ్లాసులు వద్దు. మనం దించిన బరువును భూమాత నెత్తిన పెట్టకూడదు.

చివరగా ఒక మాట. శ్రీశైలంలో నా ముఖం చూసి ఏమీ అడగని ఆ పెద్దలు పరమపదించి చాలా ఏళ్ళయింది. ఆనాటి సంగతి ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ క్షమాపణ చెప్పుకోలేదు. రేపు చెబుదాము, ఎల్లుండి చెబుదాము అనుకుంటూ కాలం గడిచిపోయింది. నలభై ఏళ్ళుగా మోస్తున్న ఆ మూటను ఇవాళ మీ సమక్షంలో దించుకుంటున్నాను.

ఇప్పుడు నా మోకాళ్ళు యాదగిరిగుట్ట దాకా నడవనివ్వవు. ఎల్లుండి నాగోలు మూసీ వంతెన దాకా మాత్రం మీతో నడిచి, అక్కడ నుండి ఆటోలో తిరిగివస్తాను. కనుక నాకు సంచి అక్కరలేదు. నా బెల్లం ముక్క, మాత్రలు నా చొక్కా జేబులో ఉంటాయి. రెండు భుజాలూ ఖాళీ. మీలో మోయడం కష్టమయ్యేవారు ఎవరైనా ఉంటే, మొహమాటపడకుండా మీ మూటను వంతెన దాకా నాకు ఇవ్వండి. ఈసారి నేనే అడుగుతున్నాను.

శ్రీ లక్ష్మీనృసింహుని అనుగ్రహంతో మీ యాత్ర నిర్విఘ్నంగా సాగుగాక!

స్వస్తి.